టై ముడి కుదరడం లేదు, కోటు కొనాలా వద్దా? విశాఖ టైలర్ సమాధానం

మీరు అడిగింది ఇదీ. బీటెక్ అయిపోయింది, వచ్చే వారం రుషికొండలో ఇంటర్వ్యూ ఉంది, వచ్చే నెల అన్నయ్య పెళ్లి రిసెప్షన్. స్కూల్లో వేసుకున్న ఎలాస్టిక్ టై తప్ప వేరే టై ముట్టుకోలేదు. వీడియోలు చూసి కడుతుంటే వెనక కొస ముందు కొస కన్నా పొడవొస్తోంది, ముడి ఓ పక్కకి ఒరిగిపోతోంది. ఏ ముడి నేర్చుకోవాలి? మన విశాఖ ఉక్కపోతలో కోటు వేసుకోక తప్పదా?

ముందు సూటిగా చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. ఒక్క ముడి చాలు, దాని పేరు ఫోర్-ఇన్-హ్యాండ్. షాపుల్లో సింగిల్ నాట్ అని అడిగినా చూపిస్తారు. ఇంటర్వ్యూకి కోటు అక్కర్లేదు. రిసెప్షన్‌కి కావాలంటే వేసుకోండి, కానీ టై అవసరం లేని, మెడదాకా మూసి ఉండే బంద్‌గలా కోటు కూడా ఉందని మర్చిపోకండి. చేతిలో డబ్బు కొంచెమే ఉంటే టై మీద కాదు, చొక్కా మీద పెట్టండి. ఎందుకంటే మీరు ముడి తప్పు అనుకుంటున్నది చాలావరకు కాలర్ తప్పు.

డాబాగార్డెన్స్ వైపు మాది టైలరింగ్ షాపు. నాన్నగారి రోజుల్లో ఎక్కువగా నేవీ వాళ్ల యూనిఫాంలు, సఫారీలు కుట్టేవాళ్లం. ఇప్పుడు పెళ్లికొడుకుల సూట్లు, ప్లేస్‌మెంట్ పిల్లల ప్యాంట్లు. కోటు ట్రయల్‌కి వచ్చినవాళ్లలో సగం మంది జేబులోంచి టై తీసి "అంకుల్, ఇది కూడా కట్టి ఇచ్చేయండి, విప్పకుండా దాచుకుంటా" అంటారు. నేను కట్టి ఇవ్వను, కట్టడం నేర్పి పంపిస్తాను. ఎందుకో కింద చెప్తాను.

ముందు కాలర్ సంగతి

మీ దగ్గరున్న ఫుల్ చేతుల చొక్కా వేసుకుని పై గుండీ పెట్టండి. కాలర్‌కీ మెడకీ మధ్య రెండు వేళ్లు పెట్టి చూడండి. రెండు వేళ్లు సులువుగా పడితే కొలత సరిపోయింది. వేలే దూరకపోతే అరగంటలో మీరే పై గుండీ విప్పేస్తారు, టై కిందికి జారుతుంది, అప్పుడు ఎంత బాగా కట్టిన ముడైనా తాగొచ్చినవాడి టైలా ఉంటుంది. నాలుగు వేళ్లు పడితే ఇంకో ఇబ్బంది. టై బిగించగానే వదులు కాలర్ ముడతలు పడి ఒక పక్కకి లాగుతుంది, దాంతోపాటు ముడీ పక్కకి పోతుంది. మీ ముడి ఒరగడానికి కారణం ఇదే అయ్యుంటుందని నా అనుమానం.

రెడీమేడ్ ఫార్మల్ చొక్కాల మీద 39, 40, 42 అని అంకెలుంటాయి కదా, అది ఛాతీ కొలత అనుకునేవాళ్లే ఎక్కువ. చాలా ఫార్మల్ బ్రాండ్లలో అది మెడ చుట్టుకొలత, సెంటీమీటర్లలో. 40 అంటే సుమారు పదిహేనుముప్పావు అంగుళాలు. బక్కపల్చటి కుర్రాళ్లు "నాకు 42 సౌకర్యంగా ఉంటుంది" అని వదులుగా కొనుక్కుంటారు. టై లేకుండా పర్వాలేదు, టై వేస్తే మాత్రం దొరికిపోతారు. టేపుతో మెడ చుట్టూ, కంఠం ముడికి కాస్త కిందుగా కొలిచి, ఒక సెంటీమీటరు కలుపుకోండి. అదే మీ సైజు.

కాలర్ కొసల కింద చిన్న ప్లాస్టిక్ పుల్లలు ఉంటాయి, కాలర్ బోన్స్ అంటాం. మంచి చొక్కాల్లో అవి తీసి పెట్టుకునేలా ఉంటాయి. ఉతికేటప్పుడు తీసి, ఇస్త్రీ అయ్యాక మళ్లీ పెట్టాలి. ఇవి లేకపోతే మన గాలిలో తేమకి మధ్యాహ్నానికల్లా కాలర్ కొసలు పైకి లేచిపోతాయి. కాలర్ కొసలకి గుండీలుండే రకం చొక్కా మీద టై కట్టకూడదని ఎవరూ అనరు గానీ అది కాస్త సాదా వేషం. ఇంటర్వ్యూకి మామూలు కాలరే మేలు.

ఇప్పుడు ముడి

కాలర్ పైకెత్తండి. టై మెడ మీద వేసుకుని వెడల్పు కొస మీ కుడిపక్కకి, సన్న కొస ఎడమపక్కకి రానివ్వండి. మీ ప్రాణం తీస్తున్న పొడవు సంగతి ఇక్కడే తేలిపోతుంది. చాలామంది రెండు కొసలూ ఇంచుమించు సమానంగా వేసుకుని మొదలుపెడతారు. చుట్టేదంతా వెడల్పు కొసతోనే కాబట్టి పొడవు తగ్గేదీ అదే. చివరికి ముందు కొస పొట్ట మీద ఆగిపోతుంది, వెనకది బెల్టు దాటి వేలాడుతుంది. అందుకే సన్న కొస అంచు బొడ్డుకి కాస్త పైన ఉండేలా పెట్టి మొదలుపెట్టండి. వెడల్పు కొస దానికి చాలా కిందకి వేలాడాలి.

ఇక చుట్టండి. వెడల్పు కొసని సన్న కొస మీదుగా ఎడమకి తీసుకెళ్లండి. కిందనుంచి వెనగ్గా కుడికి తెండి. మళ్లీ ముందునుంచి ఎడమకి. ఇప్పుడు మెడ దగ్గరున్న ఉచ్చులోకి కిందనుంచి పైకి దూర్చండి. ముందు వైపు ఇందాక చుట్టినప్పుడు ఏర్పడిన అడ్డ మడత ఉంది కదా, దాని వెనకనుంచి కిందికి దించండి. అంతే, ఇంకేం లేదు. ఎడమచేతి వాటం అయితే మొత్తం తిరగేసుకోండి.

బిగించడంలో కూడా ఒక పద్ధతుంది. వెడల్పు కొసని పట్టుకుని లాగొద్దు. అలా లాగితే ముడి రాయిలా గట్టిపడుతుంది, పైకి కదలదు. ముడిని రెండు వేళ్లతో పట్టుకుని, రెండో చేత్తో సన్న కొసని కిందికి లాగుతూ ముడిని పైకి జరపండి. కాలర్ గుండీ కనిపించకుండా మూసుకునేదాకా వెళ్లాలి. పూర్తిగా బిగించే ముందు, ముడి కింద వెడల్పు భాగం మధ్యలో చూపుడువేలు పెట్టి నొక్కి, రెండు అంచుల్నీ బొటనవేలు, మధ్యవేలితో దగ్గరికి పట్టి అప్పుడు బిగించండి. ముడి కింద ఒక చిన్న సొట్ట నిలుస్తుంది. డింపుల్ అనేది దాన్నే. ఈ సొట్ట లేకపోతే టై అట్టముక్కలా కనిపిస్తుంది.

నేను నేర్పేటప్పుడు మొదట అద్దం ముందు నిలబెట్టను. వీడియోలో మనిషి మనకి ఎదురుగా ఉంటాడు, కొన్ని వీడియోలు తిప్పేసి ఉంటాయి, పైగా అద్దం ఇంకోసారి తిప్పుతుంది. ఇన్ని కుడి ఎడమల మధ్య బుర్ర తిరుగుతుంది. ఫోన్ పక్కన పడేసి, తల వంచి మీ చేతుల్నే చూసుకుంటూ కట్టండి. లేదా పక్కన మనిషిని మీరు చూసే వైపే చూస్తూ నిలబడమనండి. చేతికి అలవాటైపోయాక అద్దం పొడవు చూసుకోవడానికే.

పొడవు ఎక్కడికి ఉండాలి? నిటారుగా నిలబడినప్పుడు వెడల్పు కొస మొన బెల్టు బకిల్ మీదికి రావాలి. బకిల్ పై అంచు తాకినా, మధ్యదాకా వచ్చినా ఫర్వాలేదు. దాని పైన పొట్ట కనిపించేలా ఆగితే పొట్టిది, జిప్ మీదికి వేలాడితే పొడవు. సన్న కొస వెనకే ఉండాలి, ముందుదానికన్నా కిందికి రాకూడదు. టై వెనక ఉన్న చిన్న పట్టీలోకి దాన్ని దూర్చేయండి. ఒకసారి కట్టాక బొడ్డు గుర్తు మీకు కాస్త పైనా కిందా అవుతుంది, రెండోసారి సర్దుకోండి. మీకు ఏ గుర్తు కుదిరిందో, ఆ మనిషికీ ఆ టైకీ అదే లెక్క.

మామూలు టై సుమారు 145 నుంచి 150 సెంటీమీటర్ల పొడవుంటుంది. మీరు ఆరడుగులు దాటినా, మెడ లావైనా దీనికి ముడి పెద్దది వేస్తే చాలదు. ఒక బ్యాంకు మేనేజరుగారు మా దగ్గరికి వచ్చేవారు, మంచి భారీ విగ్రహం. ఎవరో నేర్పితే విండ్సర్ అనే లావుపాటి ముడి వేసుకునేవారు. సన్న కొస ఎప్పుడూ అరచెయ్యి పొడవే మిగిలి, వంగినప్పుడల్లా పక్కనుంచి బయటికొచ్చేది. సింగిల్ నాట్‌కి మారిస్తే అదే టై సరిపోయింది. పొట్టివాళ్లకి ఇది తిరగేసి చెప్పాలి. టై ఎప్పుడూ బెల్టు దాటిపోతుంటే హాఫ్ విండ్సర్ నేర్చుకోండి, అది కొంచెం ఎక్కువ బట్ట తింటుంది.

మిగతా ముడులు ఎందుకు వద్దన్నానంటే, అవి చెడ్డవని కాదు. కేంబ్రిడ్జ్‌లో థామస్ ఫింక్, యోంగ్ మావ్ అనే ఇద్దరు భౌతికశాస్త్రవేత్తలు 1999లో లెక్కగట్టి, టైని 85 రకాలుగా కట్టొచ్చని తేల్చారు. లోకంలో వాడుకలో ఉన్నవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ముచ్చటేమిటంటే విండ్సర్ ముడికి ఎవరి పేరు పెట్టారో ఆ డ్యూక్ ఆఫ్ విండ్సర్, అంటే సింహాసనం వదులుకున్న బ్రిటన్ రాజు ఎనిమిదో ఎడ్వర్డ్, ఆ ముడి వేసుకునేవాడే కాదట. మామూలు ఫోర్-ఇన్-హ్యాండ్ వేసుకుని, ముడి లావుగా కనిపించడానికి లోపల మందమైన లైనింగ్ వేయించి టైలు కుట్టించుకునేవాడు. మనకి పనికొచ్చే మాట ఇందులో ఉంది. ముడి పల్చగా, పీలగా కనిపిస్తే ఇంకో చుట్టు చుట్టకండి, కాస్త మందం ఉన్న టై కొనండి.

సింగిల్ నాట్ ఎలా కట్టినా కొంచెం ఏటవాలుగా ఉంటుంది. అది దాని స్వభావం. దాన్ని సరిచేయాలని గంటసేపు కుస్తీ పట్టకండి. కాలర్ కొసలు బాగా విడిపోయి ఉండే చొక్కా వేసుకుంటే మాత్రం ఆ సన్న ముడి మధ్యలో ఒంటరిగా కనిపిస్తుంది. అలాంటి కాలర్‌కి హాఫ్ విండ్సర్ నప్పుతుంది.

టై కొనేటప్పుడు

షాపులో టైని సన్న భాగం దగ్గర పట్టుకుని గాల్లో వేలాడదీయండి. నిటారుగా వేలాడితే మంచిది. మెల్లగా మెలి తిరుగుతుంటే బట్ట సరిగ్గా ఐమూలగా కోయలేదని అర్థం. టై బట్టని ఐమూలగా, 45 డిగ్రీల కోణంలో కోస్తారు. అప్పుడే సాగి మళ్లీ యథాస్థితికొస్తుంది. బట్టని అలా కోసి మూడు ముక్కలుగా కలిపి కుట్టే పద్ధతిని 1920లలో న్యూయార్క్‌కి చెందిన జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ పెట్టాడు. అంతకుముందు టైలు తొందరగా రూపు చెడిపోయేవి. వెనక తిప్పి చూస్తే లోపల ఒక వదులు దారం, చివర చిన్న ఉచ్చులాగా కనిపిస్తుంది. అది కుట్టు ఊడిందనుకుని కత్తిరించేవాళ్లున్నారు, దయచేసి ముట్టుకోకండి. టై లాగినప్పుడు కుట్టు తెగకుండా కాస్త జారడానికి ఉంచిన దారం అది.

వెడల్పు ఏడు నుంచి ఎనిమిది సెంటీమీటర్లు ఏ వయసువాడికైనా సరిపోతుంది. వేలెడంత సన్నటివి పార్టీకి బాగుంటాయి, ఇంటర్వ్యూకి వద్దు. రంగు విషయంలో నేను పాతకాలం మనిషిని. టై ఎప్పుడూ చొక్కా కన్నా ముదురు రంగులో ఉండాలి. తెల్ల చొక్కా లేదా లేత నీలం చొక్కా, దానికి నేవీ బ్లూ లేదా మెరూన్ టై. ఈ రెండు టైలతో ఉద్యోగంలో మొదటి అయిదేళ్లు గడిచిపోతాయి. నల్ల చొక్కా మీద తళతళలాడే వెండి రంగు టై వేసుకుని ఇంటర్వ్యూకి వెళ్లకండి, ఆర్కెస్ట్రా వాళ్లు వచ్చారనుకుంటారు. చారల టై అయితే బ్రిటన్‌లో ఫలానా రెజిమెంటుకీ, ఫలానా స్కూలుకీ గుర్తు. ఇక్కడ ఎవరూ పట్టించుకోరు గానీ ఉద్యోగం మీద ఆ దేశం వెళ్లేటప్పుడు గుర్తుంచుకోండి.

పట్టుదా, పాలిస్టర్‌దా? డబ్బులుంటే పట్టు. ముడి బిగువుగా నిలుస్తుంది, జారదు. పాలిస్టర్ పనికిరానిదేం కాదు, మొదటి టైకి చాలు. పట్టుటై మీద సాంబారు చుక్క పడితే నీళ్లు పెట్టి రుద్దకండి, మరక చుట్టూ వలయం కడుతుంది. పొడి గుడ్డతో అద్ది డ్రై క్లీనింగ్‌కి ఇవ్వండి. ఇస్త్రీపెట్టె నేరుగా పెట్టకండి, అంచులు పచ్చడైపోయి టై రిబ్బనులా తయారవుతుంది.

కట్టి ఇవ్వమంటే ఇవ్వనన్నాను కదా. ముడి విప్పకుండా తల మీదనుంచి తీసి, మళ్లీ తగిలించుకునే అలవాటు స్కూలు నుంచే వస్తుంది. రెండు నెలలు అలా వేలాడదీస్తే ముడి దగ్గర బట్టలో మడత శాశ్వతంగా ఉండిపోతుంది. పైగా మన ఊళ్లో సముద్రపు గాలి, తేమ. చెమట తడి ముడి లోపల ఆరక ముక్కవాసన పడుతుంది. రాత్రికి ముడి విప్పాలి, కట్టిన వరసకి తిరగేసి విప్పాలి, లాగి పీకకూడదు. తర్వాత వేలాడదీయండి లేదా వదులుగా చుట్టి పెట్టండి. తెల్లారేసరికి ముడతలు వాటంతటవే పోతాయి.

జిప్పు టైలు, క్లిప్ టైలు సంగతి కూడా కొందరు అడుగుతారు. సెక్యూరిటీ వాళ్లకి క్లిప్ టై ఉండాలి, ఎవరైనా పట్టుకుని లాగితే ఊడి చేతికొస్తుంది, మెడ బిగుసుకోదు. మీకైతే ఆ అవసరం లేదు. ఇంటర్వ్యూలో దాన్ని బట్టి ఉద్యోగం పోదు గానీ, దగ్గరగా కూర్చున్నవాళ్లకి ఆ బిర్ర ముడి తెలిసిపోతుంది. ఇంకొకటి, స్టీల్ ప్లాంటు, షిప్‌యార్డు లాంటి చోట ట్రైనీ ఇంటర్వ్యూకి వెళ్లి, తర్వాత షాప్‌ఫ్లోర్ చూపిస్తామంటే టై తీసి జేబులో పెట్టుకోండి. తిరిగే యంత్రం దగ్గర మెడలో వేలాడే గుడ్డ ప్రాణాంతకం. తీసినందుకు మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు, తెలిసినవాడనుకుంటారు.

ఇంటర్వ్యూకి కోటు

రుషికొండ కొండ మీద ఐటీ ఆఫీసుల్లో ఇంటర్వ్యూ తీసుకునేవాళ్లే చొక్కా చేతులు మడిచి కూర్చుంటారు. తెల్లదో లేత నీలందో ఫుల్ చేతుల చొక్కా, ముదురు బూడిద రంగు లేదా నేవీ బ్లూ ప్యాంటు, నల్ల లేసు బూట్లు, కావాలంటే టై. చాలు. కాల్ లెటర్‌లో ఫార్మల్స్ అని రాసి ఉంటే టై కట్టండి, రాయకపోతే మీ ఇష్టం. హోటల్ మేనేజ్‌మెంట్, మర్చంట్ నేవీ, సైన్యంలో ఆఫీసర్లని ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీలో చివరి రోజు జరిగే కాన్ఫరెన్స్, వీటికి మాత్రం టై తప్పనిసరి అనుకునే వెళ్లండి.

చెమట గురించి భయపడుతున్నారు కాబట్టి ఇది వినండి. ద్వారకా బస్ స్టేషన్ నుంచి సిటీ బస్సులో రుషికొండదాకా టై బిగించుకుని వెళ్లకండి. లోపల చేతుల్లేని కాటన్ బనియన్ వేసుకోండి, చెమట అదే పీల్చుకుంటుంది. పై గుండీ విప్పి, టైని మడవకుండా చుట్టి బ్యాగులో పెట్టుకుని వెళ్లండి. పావుగంట ముందు చేరి, ముఖం కడుక్కుని, ఆరాక వాష్‌రూమ్ అద్దంలో కట్టుకోండి. కట్టుకోవడం వచ్చినవాడికే ఈ సౌలభ్యం. కట్టి ఉన్న టై మోసుకెళ్లేవాడికి లేదు. చొక్కా నూరుశాతం పాలిస్టర్ అయితే ఏం చేసినా వీపుకి అంటుకుపోతుంది. కాటన్ గానీ, కాటన్ పాలు ఎక్కువున్న మిశ్రమం గానీ చూసుకోండి.

బూట్ల దగ్గర కూడా మన ఊరికో ప్రత్యేక సమస్య ఉంది. వానాకాలంలో ఆర్నెల్లకోసారి తీసే తోలు బూట్లకి తెల్లగా బూజు పడుతుంది. ఇంటర్వ్యూ రోజు ఉదయం అట్టపెట్టె తెరిచి గుండె గుభేల్మనిపించుకోకండి, ఈ రోజే తీసి చూడండి. పొడి బట్టతో తుడిచి, ఎండ నేరుగా తగలని చోట గాలికి పెట్టి, పాలిష్ చేయండి. బెల్టు, బూట్లు ఒకే రంగులో ఉండాలి. సాక్స్ ప్యాంటు రంగుకి దగ్గరగా, కూర్చున్నప్పుడు పిక్క కనిపించనంత పొడవుగా ఉండాలి. తెల్ల స్పోర్ట్స్ సాక్స్ ఇంట్లోనే వదిలేయండి.

రిసెప్షన్‌కి

ఇక్కడ నేను కాస్త పక్షపాతిని, ముందే చెప్తున్నా. మీరు పెళ్లికొడుకు తమ్ముడు. స్టేజి మీద ఫ్లడ్ లైట్ల కింద మూడు గంటలు నిలబడాలి, చుట్టాలందరితో ఫొటోలు దిగాలి, మధ్యలో కేటరింగ్ వాడితో గొడవ కూడా మీదే. నన్నడిగితే బంద్‌గలా కుట్టించుకోండి. మెడదాకా గుండీలు మూసి ఉంటాయి, టై బెడద లేదు. ముహూర్తానికి ఎటూ పంచె, కండువా ఉండనే ఉంటాయి. అయినా సూటే కావాలి, అన్నయ్యతో జత కుదరాలి అంటారా, సరే, రాసుకోండి.

బట్ట కొనేటప్పుడు "సూట్ పీస్" అని చూపించే మెరిసే పాలిస్టర్‌కి దూరంగా ఉండండి. ఫొటోలో లైటు పడి అద్దంలా మెరుస్తుంది, లోపల ఆవిరి స్నానం. పాలీ విస్కోస్ మధ్యరకం. టెర్రీవూల్‌లో, అంటే పాలిస్టర్, ఊలు కలిపిన బట్టలో, పల్చటి నేత దొరికితే మేలు, ట్రోపికల్ అని అడగండి. ఊలు అనగానే చలికోటు అనుకుంటారు గానీ, పల్చటి ఊలు నేత గాలాడుతుంది, ముడతలు తొందరగా పోతాయి. లినెన్ చల్లగా ఉంటుంది, కానీ కారులో కూర్చుని దిగేసరికి నలిగిపోతుంది. ఏ బట్టయినా టైలర్‌కి "వీపు వైపు సగమే అస్తరు వెయ్యండి" అని చెప్పండి. మన వాతావరణంలో అది పెద్ద ఉపశమనం.

కోటు ముందు భాగంలో లోపల ఏం పెడుతున్నారో అడగండి. తక్కువలో కుట్టేవాళ్లు ఫ్యూజింగ్, అంటే జిగురుతో అతికే పొర వేస్తారు. నాసిరకం అయితే కొన్ని డ్రై క్లీనింగుల తర్వాత ఛాతీ దగ్గర పొక్కుల్లా ఉబ్బుతుంది. కాన్వాస్ వేసి చేత్తో కుట్టినది ఖరీదు ఎక్కువ, నిలుస్తుంది. ఒక్క రిసెప్షన్‌కి అయితే మంచి ఫ్యూజింగ్ చాలు, కాన్వాస్ పెట్టించుకోమని నేను చెప్పను.

కొలతలో చూడాల్సింది ప్రధానంగా భుజం. కోటు భుజం కుట్టు మీ భుజం ఎముక చివర దగ్గరే ఆగాలి. చేతులు, నడుము, పొడవు తర్వాత సరిచేయొచ్చు, భుజం సరిచేయాలంటే కోటు దాదాపు మళ్లీ కుట్టాలి. అందుకే రెడీమేడ్ కొన్నా ముందు భుజం చూడండి. చెయ్యి కిందికి వదిలినప్పుడు చొక్కా కఫ్ ఒక సెంటీమీటరు, ఒకటిన్నర బయటికి కనిపించాలి. ఆ లెక్కన లోపల సగం చేతుల చొక్కా కుదరదని వేరే చెప్పక్కర్లేదు.

రెడీమేడ్ కోటు కొన్నవాళ్లకి ఒక మాట. వెనక చీలిక దగ్గర ఇంటూ ఆకారంలో తెల్ల దారంతో ఒక కుట్టు ఉంటుంది, చేతి మీద బ్రాండ్ పేరున్న గుడ్డముక్క ఉంటుంది. ఆ రెండూ విప్పేసి వేసుకోవాలి. అవి రవాణాలో, షాపులో కోటు రూపు చెడకుండా పెట్టినవి. గుడ్డముక్క అలాగే ఉంచి స్టేజి ఎక్కిన పెళ్లికొడుకుల్ని ఎంతమందిని చూశానో. విప్పదీయమంటే "ఖరీదైన బ్రాండ్ అని తెలియాలి కదండీ" అన్నవాడూ ఉన్నాడు. బ్లేడుతో జాగ్రత్తగా దారం మాత్రమే తెంపండి. బయటి జేబులు కుట్టేసి ఉంటే నేనైతే అలాగే ఉంచమంటాను, ఫోన్లు పెట్టి కోటు వేలాడదీయరు.

రెండు గుండీల కోటుకి పైదే పెట్టాలి, మూడైతే మధ్యది. కింది గుండీ ఎప్పుడూ పెట్టకండి, కోటు ఆ లెక్కతోనే కోస్తారు, పెడితే తుంటి దగ్గర పట్టేస్తుంది. కూర్చునేటప్పుడు విప్పండి, లేచాక పెట్టుకోండి. భోజనాల దగ్గర కోటు విప్పి కుర్చీకి వేసి, టై కొసని చొక్కా రెండో, మూడో గుండీల మధ్యనుంచి లోపలికి దోపుకోండి. విస్తట్లో చారు పోసినప్పుడు టై ముందుకు ఊగిందంటే మర్నాటికి ఆ ఫొటో ఫ్యామిలీ గ్రూపులో ఉంటుంది.

ఆహ్వానం మీద రాసి ఉంటే

ఇది మీరడగలేదు గానీ, తూర్పు నౌకాదళం ఉన్న ఊళ్లో ఉంటూ తెలుసుకోకపోతే బాగుండదు. డిసెంబరు 4 నేవీ డే చుట్టుపక్కల సివిలియన్లకి కూడా కార్డులొస్తుంటాయి. కార్డు మీద లాంజ్ సూట్ అని ఉంటే మామూలు సూటు, టై. బ్లాక్ టై అని ఉంటే నల్లరంగు పొడవాటి టై అని కాదు అర్థం. డిన్నర్ జాకెట్, అంటే రాత్రి విందులకి వేసే ఫార్మల్ కోటు, దానికి నల్ల బో టై. ఒకాయన దీనికి శుభ్రంగా నల్ల టై కొనుక్కుని, మా దగ్గరికి కోటు ఇస్త్రీకి తెచ్చి, కార్డు చూపించాడు. అప్పటికప్పుడు బో టై సంపాదించి పంపాం. రెడ్ సీ రిగ్ అని ఉంటే కోటే వద్దు. ఎర్ర సముద్రంలో ఓడల మీద ఎండకి తాళలేక పుట్టిన వేషం అది. తెల్ల చొక్కా మెడ తెరిచి, నల్ల ప్యాంటు, నడుముకి కమ్మర్‌బండ్ అనే వెడల్పాటి పట్టీ. మన ఊరి వాతావరణానికి ఇంతకన్నా బుద్ధిగల ఫార్మల్ వేషం నేను చూడలేదు.

ఇక మీ పని. ఇంటర్వ్యూకి వారం ఉంది కాబట్టి ఈ రాత్రి నుంచి రోజూ రాత్రి అన్నం తిన్నాక నాలుగైదుసార్లు కట్టి విప్పండి, ఇంటర్వ్యూకి వేసుకునే చొక్కా మీదే. కొత్త చొక్కా అయితే ఒకసారి ఉతికి ఆరేశాకే కాలర్ కొలత నమ్మండి, కాటన్ అయితే కొంచెం కుంచించుకుంటుంది. రిసెప్షన్ సూటుకి మాత్రం రేపే టైలర్ దగ్గరికి వెళ్లండి. ముహూర్తాలు మొదలయ్యాక ఏ టైలరూ చెప్పిన రోజుకి ఇవ్వలేడు, నాతో సహా. పూర్తిగా కుట్టేముందు ఒక ట్రయల్ కావాలని గట్టిగా అడగండి. ట్రయల్‌కి టీషర్టు, చెప్పులతో వెళ్లకండి తమ్ముడూ. రిసెప్షన్‌కి వేసుకునే ఫుల్ చేతుల చొక్కా, అవే బూట్లు వేసుకుని వెళ్లండి. ప్యాంటు పొడవు బూటు మడమని బట్టి, చేతి పొడవు కఫ్‌ని బట్టి కోస్తాం.